కామేశము మాస్టారి కండువా

హేమంతర్తువు సగము గడచినది. ప్రాలేయకణసంసిక్తములైన ప్రాతఃకాలములు కొంకర్లు పోవఁజేయుచున్నను అపరాహ్ణమగునప్పటికి మనుష్యుల వీఁపులకు హితవైన యెండను బ్రసాదించుచు భగవంతుఁడగు భాస్కరుఁడు పడమటికొండల వంక కొరగుచుండ, కోఁతలు ముగిసి మోళ్లు మాత్రము మిగిలిన వరిపొలముల నడుమ వెలసియున్న పాతకోట గ్రామమునందలి రాజావారి క్రీడామైదానమునకు నలుదిక్కులనుండియు జనులు చీమలపుట్ట పగిలినట్లు వచ్చి చేరుచుండిరి. తలపాగలవారును టోపీలవారును గోచీలవారును నొకరి నొకరు త్రోసికొనుచు సున్నపుగీఁత కిరుప్రక్కలను బారులు దీరిరి. రేవుపాలెము హైస్కూలునకును గుమ్మగిరి హైస్కూలునకును రాజావారి వెండిపాత్ర నిమిత్తము ఆనాఁడు ఫుట్‌బాలు పందెము జరుగవలసియుండెను.

ఇట్టి కోలాహలమధ్యమున మైదానపు టంచున వేసిన బల్లపీఁట యెదుట నిలిచి చామనచాయయు సన్నని దేహమును నెరసిన మీసమును గల యొక పెద్దమనుష్యుఁడు ఎఱ్ఱయంచు తెల్లకండువా నెడమభుజముపై వైచుకొని తీసి, కుడిభుజముపై వైచుకొని తీసి, మరల మడిచి చేతఁ బట్టుకొని దిక్కుతోఁచక చూచుచుండెను. ఆయన పేరు దూసి కామేశము పంతులు. గుమ్మగిరి హైస్కూలులో లెక్కల మాస్టారు. ఆ పాఠశాల ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుఁడును ఆయనయే. మూరెడు గుడ్డను భుజముపై వేసికొనుట కింత తర్జనభర్జన యేల యని పాఠకులు నవ్వుదురు కాఁబోలు. నవ్వుఁడు, తప్పులేదు, నేనును మొదట నవ్వినవాఁడనే. కాని యా గుడ్డ వెనుక నున్న గొడవ వినినచో ఆ క్షణమున నాయనకు ముచ్చెమటలు పోయుట న్యాయమే యని మీరే యొప్పుకొందురు.

కామేశము పంతులు నూనూఁగుమీసముల వయస్సున సముద్రతీరమునందలి రేవుపాలెము హైస్కూలులో నుద్యోగమునఁ జేరి మీసము నెరయువఱకు నచ్చటనే యుండెను. ఉదయమున రేఖాగణితము, సాయంకాలమున ఫుట్‌బాలు, రెంటి నడుమ నొక ముద్ద యన్నము. ఇంతియ యాయన జీవితము. బడి యెగఁగొట్టి తండ్రివెంట వేఁటకుఁ బోవు జాలరిబాలుని పడవ యొద్దకే పోయి చెవిపట్టి తరగతికిఁ దెచ్చును. తరగతిలో లెక్క తప్పినవానిని సాయంకాలము మైదానపు గట్టునఁ గూర్చుండఁబెట్టి ఆ లెక్క పూర్తియగువఱకు బంతి ముట్టనీయఁడు. ఆ బాలుఁడు బంతిమీఁది మమకారముచేత త్రిభుజములును వర్గమూలములును గడగడ నేర్చుకొనును. సంతానము లేని యా యింటి యిల్లాలు సీతమాంబ మాత్రము, "మీరు బంతిని బెండ్లాడవలసినవారు, పొరపాటున నన్నుఁ బెండ్లాడితిరి" అని సందు దొరికినప్పుడెల్ల దెప్పుచుండెడిది. ఆయన కాదనువాఁడు కాఁడు.

ఇఁక కండువా సంగతి. రేవుపాలెమున మైదానము కడలి యొడ్డుననే యుండుటచేత హోరుగాలిలో నెంత గొంతు చించుకొన్నను మాట నాలుగడుగులు దాటి పోదు. అదిగాక విద్యార్థులపై నఱచుట యన్నది యాయన స్వభావమునకే విరుద్ధము. అందుచేత కండువాతోనే జట్టును నడపుట యలవాటు చేసికొనెను. కండువా యెడమభుజముపైకి వచ్చెనా, బంతి నెడమప్రక్కగాఁ గొనిపోవలయును. కుడిభుజముపైకి వచ్చెనా, కుడిప్రక్కగా. నడుమునకుఁ జుట్టెనా, అందఱును వెనుకకుఁ బరుగెత్తి తమ గోలును గాచుకొనవలయును. రేవుపాలెము బాలురకు ఈ గుర్తులు తల్లిభాషతో సమానములైపోయెను. ఆ కండువా కదలికచేతనే వారు గుమ్మగిరివారిని పలుమాఱులు చిత్తుచిత్తుగా నోడించిరి.

అట్టివానిని బోర్డువా రొకనాఁడు బదిలీ చేసిరి. ఎక్కడికనుకొన్నారు? గుమ్మగిరికే! ఔరా, ఏ యూరిబాలుర నేడిపించెనో యా యూరికే పెట్టె బేడ పట్టుకొని పోయి వారికే గురువై కూర్చుండవలసివచ్చెను. కొండదాపున నున్న గుమ్మగిరిలో నాయనకు మర్యాద జరుగకపోలేదు కాని ప్రేమమాత్రము లభింపలేదు. తరగతిలోఁ జక్కగా వినిరి, మైదానమునఁ జెప్పినట్లు చేసిరి. ఆయన వెనుదిరిగినంతనే 'రేవువారి మాస్టారు' అని గుసగుసలాడిరి. జట్టు నాయకుఁడగు గురుగుబెల్లి తవిటినాయుఁడైతే గుసగుసలు గూడ లేకుండ నెదుటనే మొగము ముడుచుకొనువాఁడు. పొడగరి, మాటలో జంకు లేనివాఁడు, అంతకు ముందటి యేట రేవుపాలెమువారిచేత నోడి అందఱియెదుట వెక్కివెక్కి యేడ్చినవాఁడు. ఆ యోటమికిఁ గారకుఁడైన కండువాయే యిప్పుడు తన్ను శాసించుట వానికి మింగుడుపడలేదు.

ఆ పాఠశాల హెడ్మాస్టరు ఆకెళ్ళ విశ్వపతిగారు నిష్కర్షగా మాటలాడువారు. పందెము దినము సమీపించినపుడు కామేశమును బిలిపించి, "పంతులుగారూ, తమరిమీఁద నూరివారికి ననుమానమున్నది. నాకున్నదో లేదో చెప్పను. ఈ పందెమునఁ దమరి నడత యెట్లుండునో చూచి మైదానము తమరి చేతనుంచుటయో మానుటయో నిశ్చయించెదను" అనిరి. కామేశమునకు భయము పట్టుకొనెను. జీతము పోవునని కాదు, ఉద్యోగము పోవునని కాదు. సాయంకాలము నాలుగు కొట్టిన పిమ్మట మైదానమునకుఁ బోకుండ ఇంటిలోఁ గూర్చుండి యేమి చేయవలయునో యాయనకు నిజముగా దెలియదు.

పందెమునకు ముందటి సాయంకాలము అభ్యాసము ముగియునపుడు తవిటినాయుఁడు బంతిని జంకఁ బెట్టుకొని వచ్చి యిట్లనెను:

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ కండువా గుర్తులు రేవువారికిఁ దెలియునా?"

"తెలియకేమి నాయనా, నేర్పినది నేనేగదా!"

"మఱి రేపు తమరు చూపు గుర్తు మే మొక్కరమే చూతుమా, వారు కూడఁ జూతురా?"

ఏమి చెప్పుదును పాఠకులారా! త్రిభుజముయొక్క మూఁడు కోణములను గాలిలో వ్రేలితో గీచి బోధింపఁగలవాఁడు, గుమ్మగిరికి వచ్చినదిమొదలు దినదినము నా గుర్తులనే యీ బాలురకుఁ బ్రీతితో నేర్పినవాఁడు, ఎదుటిజట్టునకుఁ గూడ కన్ను లున్నవను సంగతి నొక్కనాఁడైనఁ దలఁచినవాఁడు కాఁడు. బాలురు మొగమొగములు చూచుకొనిరి. వెనుకనుండి యొకఁడు, "రేవువారి మాస్టారనిపించుకొన్నారు" అని గొణిగెను.

ఆయన తడఁబడుచు నాలోచించి, "అయినచో రేపు తలక్రిందులు చేయుదము. ఎడమభుజమున వేసినచో మీరు కుడికిఁ బొండు, కుడిభుజమున వేసినచో నెడమకుఁ బొండు. వారు మోసపోవుదురు" అని చెప్పెను. 'మోస'మను మాట నోటనుండి వచ్చినంతనే యాయన మనస్సు చివుక్కుమనెను. ఆ చివుక్కుమనుటలోనే నడుము గుర్తునుగూర్చి చెప్పుట బొత్తుగా మఱచిపోయెను.

ఇంటికి వచ్చి విస్తరియెదుటఁ గూర్చుండి భార్యతో ననెను: "సీతా, నేను పిల్లలను మోసగించుచున్నానే."

"ఏ పిల్లలను?"

"రేవుపాలెమున నాచేతఁ జదువుకొన్న పోలయ్యను. నా గుర్తు నమ్మి యటువైపు పరుగెత్తును, బంతి యిటువైపు పోవును."

"అయినచో మానివేయుఁడు."

"మానినచోఁ దవిటినాయుని మోసగించినట్లగును."

"కండువాయే మానివేయుఁడు."

"అది లేక వీరి కాట రాదు."

సీతమాంబ, "మీ గోల నాకేమియు బోధపడలేదు కాని పులుసు చల్లారిపోవుచున్నది, తినుఁడు" అనెను. ఆయనకును బోధపడలేదు.

ఇది పూర్వకథ. ఇఁక మైదానమునకుఁ బోవుదము.

ఆట యారంభము కాకమునుపే యొక సంకటము వచ్చిపడెను. రేవుపాలెము నాయకుఁడు మైలపల్లి పోలయ్య, ఒకప్పుడు పడవ యొద్దనుండి చెవిపట్టి తేఁబడిన జాలరిబాలుఁడే, ఇప్పుడు కండలు తిరిగిన పడుచువాఁడై, మైదాన మీ చివరనుండి యా చివరకుఁ బరుగెత్తివచ్చి కామేశము పాదములకు నమస్కరించి, "చిక్కిపోయినారేమండీ మాస్టారూ, అమ్మగారు కులాసాయా?" అని యడిగెను. కామేశ మప్రయత్నముగా వాని తల నిమిరెను. నిమిరిన పిదప నది తప్పో యొప్పో తెలియక చేయి వెనుకకుఁ దీసికొనెను. తవిటినాయుఁడు మొగము త్రిప్పుకొనెను. విశ్వపతిగారు కనుబొమ లెగురవేసిరి.

రిఫరీగా నుండిన స్థూలకాయుఁడగు పోలీసు అధికారి యీల వేసెను. బాలురందఱును కాళ్లకు జోళ్లు లేక మోకాళ్లపైకి మడిచిన లాగులతో దుమ్ము రేపుచుఁ బరుగులిడిరి. కామేశము కన్నులు మూసికొని తెఱచి కండువాను గుడిభుజముపై వేసెను. వేసినదే తడవుగా రేవుపాలెము బాలురు తమకుఁ గాని గుర్తే యయినను పాతయలవాటుచేత దానిఁ జూచి యా ప్రక్కను గాచుటకు మూఁకుమ్మడిగాఁ బరుగెత్తిరి. తవిటినాయుఁడు బంతిని రెండవప్రక్కగాఁ గొనిపోయెను. అక్కడ నడ్డుకొనువాఁడు లేఁడు. గోలు! గుమ్మగిరి జనులు మిన్ను విఱిగి మీఁదఁ బడినట్లు కేకలు వేసిరి. విశ్వపతిగారంతటివారు టోపీని బైకి నెగురవేసి పట్టుకొనలేక ప్రక్కవాని నెత్తిపైఁ బడవేసిరి.

పోలయ్య మాత్రము మైదానమధ్యమున నడుముపైఁ జేతులుంచుకొని గురువువంకఁ జూచుచు నిలిచెను. ఆ చూపునఁ గోపము లేదు. లెక్క సరిగాఁ జేసియు తప్పని కొట్టివేయఁబడిన విద్యార్థి చూచు చూపది. కామేశమునకుఁ గన్నీరు కన్నులఁ గ్రమ్మి మైదానమంతయు మసకమసకగాఁ గానవచ్చెను. ఎవరు తనవారో యెవరు పరులో విడఁదీయుటకు మనస్సు మొరాయించెను.

పిమ్మట జరిగినదానిని వరుసగాఁ జెప్పుట బ్రహ్మతరముకాదు, చేతనైనంత చెప్పెదను. ఆయన చేతులు చిరకాలాభ్యాసమును విడువలేక పాతపద్ధతినే పట్టుకొనెను. ఎడమకుఁ బొమ్మనఁదలఁచి యెడమభుజముననే కండువా వేసెను. గుమ్మగిరి బాలురలో నిన్నటి మాట గుర్తున్నవారు కుడికిఁ బరుగెత్తిరి. మాస్టారి మొగము చూచి మనసులోని మాట గ్రహించినవా రెడమకుఁ బరుగెత్తిరి. ఇద్దఱు నడుమఁ దలలు కొట్టుకొని కూలఁబడిరి. ఆ సందడిలో రేవుపాలెమువారు బంతిని లాగికొనిపోయి గోలు వేసి లెక్క సరిచేసిరి. వా రంతటితో నాగక మరల దండెత్తివచ్చుచుండఁగాఁ జూచి కామేశము కంగారుపడి కండువాను గిఱ్ఱున నడుమునకుఁ జుట్టెను.

అయ్యో! ఆ గుర్తును దలక్రిందులు చేయుట మఱచినాఁడుగదా! గుమ్మగిరివా రందఱును వెనుకకుఁ బరుగెత్తి తమ గోలుఁ గాచిరి. జయోత్సాహమున వచ్చుచున్న రేవుపాలెమువారును అదే గుర్తు చూచి బంతి నెక్కడిదక్కడ విడిచి వెనుదిరిగి పరుగెత్తి తమ గోలుఁ గాచిరి. మైదానమధ్యమున బంతి యొక్కటియే మిగిలెను. ఇరువైపుల గోలుస్తంభముల నడుమ బాలురు గుంపులుగూడి భుజములు కలిపి నిలిచిరి. ఎవరు వత్తురో రారోయని యెదురుచూచిరి. ఎవ్వరును రాలేదు. ఒక యూరకుక్క మెల్లగా వచ్చి బంతిని వాసన చూచి పెదవి విఱిచినట్లు తల విదిల్చుకొని పోయెను. వేలకొలఁది జనులు నోళ్లు వెళ్లఁబెట్టిరి. పోలీసు అధికారి యీలను నోటఁ బెట్టుకొని యే నిబంధన మతిక్రమింపఁబడెనని యూఁదవలయునో తెలియక చాలసేపు బుగ్గలు పూరించి నిలిచి, తుదకు వేళ కాకపోయినను విరామమని యూఁదెను.

విరామము కాదది, రణరంగము. "అమ్ముడుపోయినాఁడు! పాతజట్టునకు సైగలు చేయుచున్నాఁడు!" అని గుమ్మగిరివారు మీఁదికి వచ్చిరి. "మా పిల్లలకు మందు పెట్టినాఁడు! లేకున్న గెలుచు పిల్లలు వెనుకకుఁ బరుగెత్తుదురా?" అని రేవుపాలెమువారు మఱియొకవైపునుండి వచ్చిరి. విశ్వపతిగారు జనులను జీల్చుకొనివచ్చి బిగ్గరగా నడిగిరి: "పంతులుగారూ, సూటిగాఁ జెప్పుఁడు. తమ రెవరి పక్షము?"

"నాకును దెలియుట లేదండి" అని కామేశము పలికెను. ఇంతకన్న నిజమైన మాట నాయన జన్మమున నాడియుండఁడు.

"ముందా గుడ్డ తీసివేయుఁడు!"

ఆయన తీసి, ఎవరి చేతికీయవలయునో తోఁచక, బల్లపీఁటప్రక్క వేరుసెనగకాయ లమ్ముచున్న యొక ముదుసలి గంపపైఁ బెట్టెను. ఆమె కాయలపై దుమ్ము పడకుండఁ గప్పుకొనుట కది బాగున్నదని సంతోషించెను.

అంతటితోఁ దీఱినదా? తీఱలేదు. ఆట మరల మొదలిడినంతనే రెండు జట్ల కన్నులును ఆయన చేతులపైఁ బడెను. నుదుటిచెమటఁ దుడుచుకొనుటకు కుడిచేయి యెత్తఁగా నందఱును గుడివైపునకు నురికిరి. దగ్గు వచ్చి వంగఁగా నందఱును నిలిచిపోయిరి. చెవి గోఁకికొనుటకును భయపడి యాయన రాతిబొమ్మవలె నిలువఁగా, ఆ నిలుచుటకేమి యర్థమోయని బాలురు కాళ్లతో నేలఁ దట్టుచు నాతనినే చూచుచుండిరి. ఇంతకాలము ప్రాణము పెట్టి పెంచిన విద్య బాలుర కాళ్లకు సంకెళ్లయి కూర్చున్నదని యాయన కప్పుడు తెలిసివచ్చెను. దుఃఖము పొంగివచ్చెను.

బంతి గీఁత దాటి వచ్చినపుడు దానిఁ దీసికొనవచ్చిన తవిటినాయునితో, "నాయనా, నావైపు చూడకండి. బంతివైపు చూడండి. వారితోఁ గూడఁ జెప్పు" అని పలికి, బల్లపీఁటను రెండు చేతులతో నెత్తి వెనుకకుఁ ద్రిప్పి, మైదానమునకు వీఁపుపెట్టి కూర్చుండెను. ఎదుట కోసిన వరిపొలమును, దానిపై దిరుగాడు కొంగలును దప్ప నేమియు లేదు.

ఆటగాండ్ర పాదఘట్టనమును బంతి దెబ్బలును ఊపిరుల రొదయు వీఁపువెనుకనుండి వినవచ్చుచుండెను. ఒకతూరి గుమ్మగిరివారి కేక లేచెను. ఒకతూరి రేవుపాలెమువారి కేక లేచెను. తవిటినాయుని గొంతు, "ఎడమకు, ఎడమకు ఇమ్ము!" అని యఱచుట వినఁబడెను. ఇంతవఱకు నా బాలుఁడు మైదానమున నోరు మెదపినవాఁడు కాఁడు. మాస్టా రఱవరుగనుక వారును అఱవలేదు. పోలయ్య యీల వేసి తనవారిని బిలుచుటయు వినఁబడెను. తాను నేర్పనివెన్నియో వారికి వచ్చునని తెలిసి కామేశమునకు సంతోషమో చిన్నతనమో కలిగెను. అంతలో మైదానమంతయు దద్దరిల్లునట్లు అఱపు పుట్టెను. గోలు! ఆయన రెండు చేతులును జప్పట్లకై పైకి లేచి సగములో నాఁగిపోయెను. ఎవరు వేసిరి? ఎవరు వేసినచోఁ జఱచవలయును?

వేరుసెనగకాయల ముదుసలి యాయన యవస్థ చూచి, "ఎవులేసినారో సెప్పమంటారా బాబూ?" అని యడిగెను.

"వద్దమ్మా."

"మరెందుకేడుస్తన్నారు?"

"అదియు దెలియదమ్మా."

ఆమె జాలిపడి పిడికెడు కాయలు తీసి యాయన దోసిటఁ బోసెను. ఆయన వాని నొలువనులేదు, తిననులేదు, చివరి యీల వినఁబడువఱకు నట్లే పట్టుకొని కూర్చుండెను.

పిమ్మట నొక నీడ యెదుటికి వచ్చి నిలిచెను. తవిటినాయుఁడు. మోకాలు చీరుకొనిపోయి నెత్తురు కాఱుచుండెను.

"ఓడిపోయినామండి."

"ఎట్లు నాయనా?"

"పోలయ్య నా కాళ్లసందునుండి కొట్టినాఁడు. మంచి గోలేలెండి." వాఁడు ముంజేతితోఁ గన్నీరు తుడుచుకొనుచు, "రెండవసగమున మేము చాల బాగా ఆడినామండి. ఎన్నఁడును అంత బాగా ఆడలేదు. తమరు చూడనేలేదు" అని వెడలిపోయెను.

ఆ మాట కామేశము నెదలో బాకై దిగెను. తన సైగలనుండి వారిని దప్పింపఁబోయి, శిష్యులు తొలిసారి తమంతట తామాడిన యాటను గన్నులారఁ జూచుకొనలేకపోయెనుగదా! ఆయన యా చింతలో నుండఁగానే పోలయ్య వెండిపాత్రను జంకఁ బెట్టుకొని వచ్చి తలవంచుకొని, "మాస్టారూ, మాకు దొంగగుర్తు చూపించినారు" అనెను.

"చూపించితిని నాయనా. తప్పే."

"ఆట గదండీ, పోనిండు" అని వాఁడు మరల పాదములకు నమస్కరించి పోయెను. క్షమించిన శిష్యుని మాటకన్న నేడ్చిన శిష్యుని మాట బాధించెనో, దానికన్న నిది బాధించెనో యాయన తేల్చుకొనలేకపోయెను. విశ్వపతిగారు ప్రక్కనుండి పోవుచు, "రేపుదయము నా గదికి రండు" అని ముక్తసరిగాఁ బలికిరి. రమ్మనుట యెందులకో కామేశమునకు వేఱుగాఁ జెప్పనక్కఱ లేదు.

ప్రొద్దు గ్రుంకెను. కోటగుమ్మముచెంత బొగ్గుపొగతో నడచు బస్సులు రెండు ప్రక్కప్రక్కన నిలిచి నల్లని పొగ గ్రక్కుచుండెను. ఒకటి రేవునకు, ఒకటి కొండకు. కామేశము తల దిమ్మెక్కి కాళ్లు తమదారినఁ దాము నడువ నొక బస్సెక్కి డ్రైవరు ప్రక్క స్థానమునఁ గూర్చుండెను. చిరకాలముగా పందెములకుఁ బోయివచ్చునపుడెల్ల నాయన కూర్చుండు స్థాన మదియే. డ్రైవరును బాతవాఁడే కావున, "వచ్చినారా మాస్టారూ" అని యేమియు వింతపడకుండ బొగ్గు కెలుకుటకు దిగిపోయెను. రేవుపాలెము బాలు రొక్కరొక్కరే యెక్కుచు మాస్టారిని జూచి నిశ్శబ్దముగాఁ గూర్చుండిరి. పొరపాటని యందఱికిని దెలియును. చెప్పినచో దిగిపోవునను భయమున నొక్కఁడును నోరు విప్పలేదు. పోలయ్య పాత్రను ఒడిలోఁ బెట్టుకొని కిటికీలోనుండి యెటో చూచుచుండెను.

అవతలి బస్సులో, "మాస్టారేరి?" యని యెవఁడో యడిగెను. "రేవు బస్సులో నెక్కి కూర్చున్నాఁడు!" అని మఱియొకఁడు చెప్పెను. ఊరిపెద్దలు ఫక్కున నవ్విరి. "చూచితిరా, ఆఖరికి తన గూఁటికే చేరినాఁడు" అనిరి. విశ్వపతిగారు నిట్టూర్చి, "సరే, వెదకు పని తప్పినది. బస్సు నడుపుము" అనిరి.

"మాస్టారు లేనిదే బస్సు కదలదండి" అని తవిటినాయుఁడు లేచెను. హెడ్మాస్టరుగారి మాట కెదురాడుట వానికదే మొదలు. వారి బిత్తరపాటు తీఱకముందే వాఁడు క్రిందికి దూఁకి కుంటుచు రెండవబస్సు నొద్దకుఁ బోయి కిటికీ చువ్వలు పట్టుకొని పిలిచెను:

"మాస్టారూ, దిగండి. మనము పోవలసినది ఆ బస్సులోనండి."

కామేశ ములికిపడి చుట్టును జూచి సంగతి గ్రహించి సిగ్గుతోఁ గుంచించుకొనిపోయెను. "అయ్యో, అలవాటు నాయనా, పాతయలవాటు" అనెను. అనియు లేవలేదు. వెనుక రేవుపాలెము బాలుర యూపిరులు వినవచ్చుచుండెను. "నేను వచ్చి యేమి చేయుదును? రేపటినుండి మైదానము నాది కాదు గదా."

"ఆ సంగతి హెడ్మాస్టరుగారితో మేము మాటలాడుకొందుమండి. తమరు చూడని రెండవసగము మేము మరల ఆడి చూపవద్దా? రేపు సాయంకాలము ఆడుతాము. తమ రీసారి మావైపు తిరిగి కూర్చుండవలెను."

కామేశ మేమి చేయవలయునో యాయనకన్న ముందుగాఁ బోలయ్యకే తెలిసెను. వాఁడు పాత్రను ప్రక్కవాని కిచ్చి లేచి తలుపు తెఱచి గురువు మోచేయి పట్టుకొని, "దిగండి మాస్టారూ, మెల్లగా. మెట్టు ఎత్తుగా నున్నది" అని దింపెను. దింపి తవిటినాయుని చేతి కప్పగించి వెనుదిరిగి చూడక పోయి తనచోటఁ గూర్చుండెను.

గుమ్మగిరి బస్సులో డ్రైవరు ప్రక్కస్థానమున విశ్వపతిగా రుండిరి. వా రొకమాఱు వెనుదిరిగి చూచి, ఏదో చెప్పఁబోయి, బాలుర మొగములు చూచి మానుకొని, ముందునకుఁ దిరిగి గొంతు సవరించుకొనిరి. కామేశము వెనుకబల్లపై బాలుర నడుమ నిఱుకుకొని కూర్చుండెను. బస్సు కదలెను. చీఁకటిలో నొకఁడు, "రెండవసగ మెట్లు మొదలైనదంటే మాస్టారూ" అని యారంభించెను. "అట్లు కాదురా, ముందు బంతి నా దగ్గఱకు వచ్చినది" అని రెండవవాఁ డందుకొనెను. "నీ దగ్గఱ కెక్కడ వచ్చినదిరా, నేను తన్నితేనేగదా" అని మూఁడవవాఁడు లేచెను. అందఱు నొక్కసారిగా నఱచుచుండిరి. ఎవరు తన్నిరో యెవరు పడిరో యే ప్రక్కనుండి యే ప్రక్కకుఁ బోయిరో యాయన కొక్క ముక్కయు బోధపడలేదు. కొండదారి పొడుగునను ఆయన, "ఊఁ, తరువాత? తరువాత?" అని యడుగుచునే యుండెను.